‘రోజా’ నేపథ్య సంగీతం: 25 ఏళ్ళ రెహ్మాన్ చేసినదేమిటి, చేయనిదేమిటి

మీ ప్రశ్నలో నిజానికి రెండు ప్రశ్నలున్నాయి. 1992లో వచ్చిన మణిరత్నం చిత్రం ‘రోజా’కు ఎ.ఆర్. రెహ్మాన్ తన తొలి చిత్రంగా చేసిన నేపథ్య సంగీతం నిజంగానే గొప్పదా, లేక పాటలకు వచ్చిన పేరులో అదీ కలిసిపోయి గొప్పదిగా చెలామణీ అవుతోందా అన్నది మొదటిది. తొలిసారి ఒక చిన్న సినిమాకు రీ-రికార్డింగ్ (బొమ్మకు నేపథ్య సంగీతం కట్టి రికార్డు చేయడం) చేయబోతున్న మీరు దాని నుంచి ఏం నేర్చుకోవచ్చన్నది రెండవది. మద్రాసు ఆర్.ఆర్. (రీ-రికార్డింగ్) థియేటర్లలో వయొలిన్ వాయిస్తూ, ఆ తరువాత సంగీత దర్శకుల దగ్గర సహాయకుడిగా నొటేషన్ రాస్తూ నా ఉద్యోగ జీవితమంతా గడిచింది కనుక, అభిమానుల వాదనల జోలికి పోకుండా పని జరిగే తీరును బట్టే జవాబు చెప్పడానికి ప్రయత్నిస్తాను.

ముందు నా అభిప్రాయం చెప్పేస్తాను. కథనాన్ని మోసే ఇతివృత్త సంగీతంగా, అంటే ఒక పాత్రకో భావానికో గుర్తుగా మళ్ళీ మళ్ళీ వచ్చే వరుసగా చూస్తే ‘రోజా’ స్కోరు (నేపథ్య సంగీతం) మంచి ఆరంభం మాత్రమే. అదే ఏడాది వచ్చిన ఇళయరాజా గారి ‘దేవర్ మగన్’ పక్కన పెడితే అల్లికలో అది పలుచనగానే కనిపిస్తుంది. అయితే నేపథ్య సంగీతం తయారయ్యే పద్ధతిని, తెర మీది బొమ్మకు ఏ శబ్దం తగినదో నిర్ణయించుకునే క్రమాన్ని మార్చిన పనిగా చూస్తే, దక్షిణాది సినిమాలో దానికి సాటి వచ్చేవి చాలా తక్కువ. ఈ రెంటినీ కలిపి మాట్లాడడం వల్లనే ఒకరు దాన్ని ఆకాశానికెత్తడం, ఇంకొకరు కొట్టిపారేయడం జరుగుతోంది.

ఆ మార్పు అర్థం కావాలంటే అంతకు ముందు పని ఎలా జరిగేదో తెలియాలి. రీలు అంటే వెయ్యి అడుగుల ఫిల్ము; సెకనుకు 24 ఫ్రేముల చొప్పున నడిస్తే సుమారు 11 నిమిషాలు. థియేటర్‌లో రీలును ఒకసారి తెర మీద వేస్తారు. సంగీత దర్శకుడు, దర్శకుడు పక్కపక్కన కూర్చుని చూస్తారు. సంగీతం ఎక్కడ మొదలుకావాలి, ఎక్కడ ఆగాలి అన్నది ఆ చూడడంలోనే చాలావరకు తేలిపోతుంది. ఆ తరువాత రాత మొదలవుతుంది. ఇళయరాజా గారు ఏ వాద్యమూ ముట్టుకోకుండా నేరుగా కాగితం మీద స్కోరు రాసేవారన్నది ఆయనతో పని చేసిన వాద్యకారులందరూ చెప్పే మాటే. కాపీ రాసేవాళ్ళు దాన్ని వయొలిన్లకు, చెల్లోలకు, వేణువుకు, గిటార్‌కు విడివిడి పార్టులుగా రాసి స్టాండ్ల మీద పెడతారు. ఒకటి రెండు రిహార్సళ్ళు, తరువాత బొమ్మ నడుస్తుండగా టేకు. పాతిక ముప్ఫై మంది ఒకే గదిలో, ఒకే ఊపిరిలో వాయించాలి. ఒకరు తప్పితే బిట్ (ఒక చోటికి రాసిన సంగీతపు ముక్క) మొత్తం మళ్ళీ మొదటి నుంచి. విడుదల తేదీ దగ్గర పడి ఉంటుంది కాబట్టి సినిమా మొత్తం కొద్ది రోజుల్లోనే ముగించాలి.

ఈ పద్ధతిలో గొప్ప బలం ఒకటుంది. వాయించేవాళ్ళందరూ ఒకరినొకరు వింటూ బొమ్మతో పాటు కదులుతారు కాబట్టి, నటుడు కనురెప్ప వాల్చినప్పుడు వయొలిన్ల విల్లు తేలికపడడం వంటి సున్నితమైన సంగతులు వాటంతటవే పడతాయి. పరిమితి ఏమిటంటే, ఆ రోజు గదిలో ఎవరున్నారో వారి వాద్యాల శబ్దమే మీకు దొరికే శబ్దం. ఆలోచన అంతా స్వరాల మీద, హార్మనీ మీద, ఏ వాద్యం ఏ పంక్తి వాయించాలన్న దాని మీద సాగుతుంది. శబ్దపు మెరుగు, దాని దూరం, దాని చుట్టూ ఉండే ఖాళీ ఎలా ఉండాలన్నది ఆ తొందరలో ఎవరూ తీరిగ్గా కూర్చుని చూసుకోగలిగేవారు కాదు. చేతకాక కాదు, గడియారం ఒప్పుకునేది కాదు.

రెహ్మాన్ ఈ గదుల్లోంచే వచ్చారు. తండ్రి ఆర్.కె. శేఖర్ మలయాళ చిత్రాలకు అరేంజర్‌గా, సంగీత దర్శకుడిగా పనిచేశారు. ఆయన పోయేనాటికి రెహ్మాన్‌కు తొమ్మిదేళ్ళు. తండ్రి మిగిల్చిన వాద్య పరికరాలను అద్దెకిస్తూ ఇల్లు గడిచిన రోజుల తరువాత, కుర్రతనంలోనే కీబోర్డు వాద్యకారుడిగా మారి ఇళయరాజా, ఎం.ఎస్. విశ్వనాథన్ వంటివారి దగ్గర వాయించారు. మన రమేష్ నాయుడు గారి దగ్గర, ఆ తరువాత రాజ్-కోటి ద్వయం దగ్గర కూడా పని చేశారు కాబట్టి, 1980ల తెలుగు పాటల్లో ఆయన వేళ్ళు ఎక్కడెక్కడ కదిలాయో విడదీసి చెప్పలేం గానీ, ఆయన చదువులో తెలుగు సినిమాకూ వాటా ఉంది. ఆ తరువాత ఆయన ఎంచుకున్న దారి అసలు విషయం. వాణిజ్య ప్రకటనలకు జింగిల్స్ (చిన్న చిన్న సంగీతపు ముక్కలు) చేయడం మొదలుపెట్టి, కోడంబాక్కంలో ఇంటి ఆవరణలోనే సొంత స్టూడియో కట్టుకున్నారు. ‘పంచతన్ రికార్డ్ ఇన్’ అన్న పేరు మీరు క్యాసెట్ల మీద చదివే ఉంటారు.

జింగిల్స్ పని ఆయనకు ఇచ్చిన శిక్షణను చాలామంది చిన్నచూపు చూస్తారు. ముప్ఫై సెకన్లలో ఒక కాఫీ పొడినో, ఒక గడియారాన్నో గుర్తుండేలా చేయాలంటే పల్లవి, చరణాల విస్తారం పనికిరాదు. మొదటి రెండు సెకన్లలోనే వినేవాడి చెవిని నిలబెట్టే ఒక శబ్దం కావాలి, బొమ్మలో వచ్చే ప్రతి కదలికకూ ఫ్రేము లెక్కన సమాధానం కావాలి. ఒక రకంగా అది రోజూ చేసే చిన్న చిన్న రీ-రికార్డింగే. మణిరత్నం ఆయన్ను కలిసింది కూడా ప్రకటనల రంగంలోని పరిచయాల ద్వారానే. అప్పటి వరకు మణిరత్నం చిత్రాలన్నింటికీ, 1983 నాటి కన్నడ చిత్రం నుంచి 1991 నాటి ‘దళపతి’ వరకు, ఇళయరాజా గారే సంగీతం. మన ‘గీతాంజలి’ కూడా అందులో ఒకటి. ఆ స్థానంలో ఒక కొత్తవాణ్ణి, అదీ కె. బాలచందర్ గారి కవితాలయా సంస్థ తీస్తున్న చిత్రానికి పెట్టడం ఆ రోజుల్లో కోడంబాక్కంలో పెద్ద చర్చే. ఆ చిత్రానికి రెహ్మాన్ పారితోషికం 25,000 రూపాయలన్నది తరచూ ప్రచురితమైన సంగతే.

సొంత స్టూడియో ఉండడం వల్ల ఏం మారింది? గంటల లెక్కన అద్దె లేదు, బయట ఎదురుచూస్తున్న పాతిక మంది వాద్యకారులు లేరు. రాత్రిపూట ఒంటరిగా కూర్చుని, లయను నమోదు చేసుకుని తానే వాయించే యంత్రమైన సీక్వెన్సర్‌లో లయ వేసుకుని, దాని మీద ఒక్కొక్క పొరా పరుచుకుంటూ పోవచ్చు. వాద్యకారుణ్ణి ఒంటరిగా పిలిపించి, క్లిక్ (లయ కొట్టే టిక్‌టిక్ శబ్దం) వినిపించి, తోచినట్టు నాలుగైదు రకాలుగా వాయించమని, అందులోంచి తనకు కావలసిన నాలుగు సెకన్లు తీసుకోవచ్చు. వయొలిన్ వాయించేవాడిగా చెబుతున్నాను, మొదట్లో ఈ పద్ధతి మాబోటివాళ్ళకు నచ్చలేదు. పార్టు చేతికిస్తే వాయించి వెళ్ళిపోయే అలవాటున్నవాళ్ళకు, కాగితం లేకుండా ‘ఏదైనా వాయించండి’ అంటే చెయ్యాడదు. మన జీవనాధారం పోతుందేమోనన్న భయం కూడా వాద్యకారుల్లో ఉండేది, అది అకారణమైనదీ కాదు. అయినా చిత్రం చూశాక ఒక మాట ఒప్పుకోక తప్పలేదు: మా గదుల్లో ఎవరూ ముందుగా అడగని ప్రశ్నను ఈయన ముందుగా అడిగాడు. ఈ సన్నివేశానికి ఏ స్వరం అన్నదానికంటే ముందు, ఏ శబ్దం అన్నది తేల్చుకున్నాడు.

ఇక చిత్రంలోకి వెళ్దాం. ఆరంభం గుర్తు తెచ్చుకోండి. కాశ్మీరు అడవిలో వేకువ చీకట్లో సైన్యం వేట, తీవ్రవాది వసీం ఖాన్ పట్టుబడడం, ఆ వెంటనే పచ్చటి పల్లె, నీళ్ళు, ‘చిన్ని చిన్ని ఆశ’. కథకు సంబంధించిన సమస్యంతా ఆ రెండింటి నడుమ ఉన్న దూరంలోనే ఉంది. ఆ దూరాన్ని చెప్పవలసిన బాధ్యత సంతోష్ శివన్ కెమెరాతో పాటు శబ్దానిది కూడా. ‘చిన్ని చిన్ని ఆశ’లో లయ పల్లెపాటకు మనం అలవాటుపడిన డోలక్కు, తబలాల లయ కాదు. బాస్ గిటార్ పంక్తి తేలిగ్గా ఊగుతూ, తాళం మీద బరువు పడవలసిన చోట పడకుండా పక్కకు తప్పుకుంటూ ఉంటుంది. మిన్‌మిని గొంతు చుట్టూ బోలెడంత ఖాళీ వదిలి ఉంటుంది. పల్లె అనగానే నాదస్వరం, ఉడుక్కై (డమరుకం వంటి వాద్యం) అన్న లెక్క కట్టకుండా, ఆ పిల్ల మనసులోని తేలికదనానికి శబ్దం వెతికారన్నమాట. పాట గురించి ఎందుకు చెబుతున్నానంటే, ఈ చిత్రంలో నేపథ్య సంగీతానికి ముడిసరుకు పాటల నుంచే వచ్చింది.

ఇక్కడే మొదటి పరిమితీ ఉంది. ‘నా చెలి రోజావే’ వరుస ఈ చిత్రపు ప్రేమ ఇతివృత్తం. తీవ్రవాదుల చేతిలో బందీగా ఉన్న రిషి భార్య రోజాను తలచుకునే చోట బాలు గారి గొంతులో పాటగా వస్తుంది; ఎడబాటు ఉన్న చోటల్లా ఆ పాట ఛాయే వేణువులోనో, హమ్మింగ్‌లోనో వెంటాడుతుంది. పాట అంత బలమైనది కాబట్టి ప్రేక్షకుడి మీద వెంటనే పనిచేస్తుంది, అందులో అనుమానం లేదు. అయితే ఇతివృత్తాన్ని వాడుకోవడం వేరు, పెంచడం వేరు. ‘దేవర్ మగన్’ తీసుకోండి. తెలుగులో ‘క్షత్రియ పుత్రుడు’గా మనమంతా చూసినదే. అక్కడ ఊరి పెద్దను కీర్తిస్తూ ఉత్సాహంగా వచ్చిన పాట వరుసే, ఆ పెద్దాయన పోయినప్పుడు మళ్ళీ వచ్చి కడుపులో చెయ్యి పెట్టి దేవేస్తుంది. స్వరాలు దాదాపు అవే, నడక మారింది, బరువు మారింది, వాటి అర్థం తలకిందులైంది. కథతో పాటు ఇతివృత్తం కూడా వయసు మీదపడినట్టుగా మారే ఆ నేర్పు ‘రోజా’లో కనిపించదు. పాట గుర్తుకు వస్తుంది, మనసు తడుస్తుంది, అంతటితో సరి. ఇది తప్పు పట్టడం కాదు. అప్పటికి వందల చిత్రాల అనుభవం ఉన్న మనిషికీ, మొదటి చిత్రం చేస్తున్న మనిషికీ మధ్య ఉండవలసిన తేడాయే అది.

రెండవ పరిమితి ఉత్కంఠ ఘట్టాల్లో ఉంది. తీవ్రవాదుల స్థావరం, వెంటాడడం, సైనిక వాహనాలు వంటి చోట్ల సింథసైజర్ మంద్రస్వరాలు, ఊగే పొరలు ఎక్కువగా వినిపిస్తాయి. 1992లో ఆ శబ్దం కొత్తది కాబట్టి చెవికి ఇంపుగా అనిపించింది. ఇవాళ హెడ్‌ఫోన్లు పెట్టుకుని వింటే కొన్ని చోట్ల నిజమైన స్ట్రింగ్స్‌కు బదులు కీబోర్డులో పుట్టిన స్ట్రింగ్స్ (వయొలిన్ల బృందపు శబ్దం) వినిపిస్తున్నాయని పట్టేయవచ్చు. మన థియేటర్లలో అప్పటికి ఎక్కువ భాగం మోనో శబ్దమే అన్నది మరచిపోకండి. ఒక్క స్పీకరు వరుస నుంచి మాట, తుపాకీ, గాలి, సంగీతం అన్నీ కలిసి రావాలి. అందులోనూ ఆ సంగీతానికి అంతటి స్పష్టత వచ్చిందంటే దానికి కారణం పొరలను జాగ్రత్తగా విడదీసి పెట్టడమే. శబ్ద సాంకేతిక నిపుణుడు హెచ్. శ్రీధర్ ఈ కాలం నుంచే ఆయన వెంట ఉన్నారు, 2008లో కన్నుమూసే వరకు ఆ జోడీ సాగింది. రెహ్మాన్ శబ్దం అని మనం అనేదానిలో ఆయన పాలు ఎంతో చెప్పకుండా ఈ విషయం మాట్లాడడం న్యాయం కాదు.

బలాల దగ్గరకు వస్తే నేను ముందు చెప్పేది సంగీతం లేని చోట్ల గురించే. రోజా కాశ్మీరులో తెల్లవారుజామున గుడికి వెళ్ళి కొబ్బరికాయ కొడుతుంది. మన ఊళ్ళో ఆ చప్పుడుకు ఎవరూ తల కూడా తిప్పరు. అక్కడ జవాన్లు ఉలిక్కిపడి తుపాకులు ఎక్కుపెడతారు. ఆమె ఎంత పరాయి చోటుకు వచ్చిందో, ఆ చోటు ఎంత బిగుసుకుపోయి ఉందో, ఆ ఒక్క చప్పుడు చెప్పేస్తుంది. ఆ చప్పుడు అంతగా పని చేయాలంటే దాని ముందు చెవి ఖాళీగా ఉండాలి. కొత్తగా స్కోరు చేసేవాళ్ళు సాధారణంగా తప్పేది ఇక్కడే. గుడి కనిపించగానే వేణువు, సైనికులు కనిపించగానే డ్రమ్ము వేసేసి, దర్శకుడు శబ్దంతో రాసుకున్న సన్నివేశాన్ని సంగీతంతో చెరిపేస్తారు.

జెండా సన్నివేశం గురించి అందరూ మాట్లాడతారు కాబట్టి క్లుప్తంగానే చెబుతాను. జెండాను తగలబెడతారు, కట్టేసి ఉన్న రిషి మంటల మీద పడి దొర్లుతూ ఆర్పుతాడు, ఇంకోపక్క తీవ్రవాది లియాఖత్ నమాజులో ఉంటాడు. అప్పుడు వచ్చేది విడిగా అల్లిన స్కోరు కాదు, ‘వినరా వినరా’ అన్న పాట. మాట ఉన్న సంగీతాన్ని ఇంతటి ఘట్టంలో పెట్టడం సాహసమే. పాటలోని మాట బొమ్మ చెబుతున్నదాన్నే మళ్ళీ చెబితే అతి అయిపోతుంది. ఇక్కడ కొంత అతి ఉందనే నా అభిప్రాయం, హాల్లో అందరూ చప్పట్లు కొట్టిన మాట నిజమే అయినా. లియాఖత్ ప్రార్థన వైపు బొమ్మ వెళ్ళినప్పుడల్లా ఆ సన్నివేశంలో ఇంకో కథ మొదలవుతుంది. చివరకు రిషిని వదిలిపెట్టేది ఆ మనిషే. ఆ రెండో కథకు పాటలో చోటు దొరకలేదు. మూడేళ్ళ తరువాత ‘బొంబాయి’లో మాటల్లేని ఒక ఇతివృత్తాన్ని వేణువు మీద, స్ట్రింగ్స్ మీద కట్టి అదే రకమైన బాధ్యత అప్పగించినప్పుడు ఆ లోటు తీరింది. ఈ రెంటినీ వరుసగా విన్నవారికి ఆయన ఆ మూడేళ్ళలో నేర్చుకున్నదేమిటో ఎవరూ చెప్పనక్కరలేదు.

తెలుగు శ్రోతలకు ఈ స్కోరు మీద మాట్లాడే హక్కు పూర్తిగా ఉందా అన్న సందేహాన్ని కూడా మీరు ప్రశ్నలో వెలిబుచ్చారు. మనం విన్నది డబ్బింగ్ చిత్రం కదా అని. నిశ్చింతగా మాట్లాడవచ్చు. డబ్బింగ్ కోసం ఇచ్చే ఎం అండ్ ఇ (మ్యూజిక్ అండ్ ఎఫెక్ట్స్) ట్రాక్‌లో సంగీతం, ఎఫెక్ట్స్ మాత్రమే ఉంటాయి, మాటలు ఉండవు. మారేది మాటలూ పాటల సాహిత్యమూ మాత్రమే. రాజశ్రీ గారి సాహిత్యంతో మనం విన్న ‘రోజా’లోని నేపథ్య సంగీతం తమిళులు విన్నదే. పైగా మనకొక సౌకర్యం ఉంది. తమిళం అంతగా రానివారు మూల చిత్రాన్ని పెట్టుకుంటే మాటల అర్థం మీదికి ధ్యాస పోదు, సంగీతం ఎక్కడ లేచి ఎక్కడ పడుకుంటోందో చక్కగా వినబడుతుంది. నేను నా దగ్గర పనిచేసిన కుర్రవాళ్ళకు ఈ పద్ధతే చెప్పేవాణ్ణి.

మీ చిత్రం సంగతికి వద్దాం. మొదట ‘రోజా’ను పాటలు వదిలేసి చూడండి. పక్కన కాగితం పెట్టుకుని సంగీతం మొదలైన క్షణం, ఆగిన క్షణం, ఏ వాద్యం ముందుంది, మాట మీద ఉందా ఖాళీలో ఉందా అన్నవి రాసుకోండి. అదయ్యాక అదే విధంగా ‘దేవర్ మగన్’ చూడండి. రెండు కాగితాలు పక్కపక్కన పెడితే, ఇళయరాజా గారు సన్నివేశపు లోపలి మలుపుల మీద స్వరం మారుస్తున్నారనీ, రెహ్మాన్ చోటు మారినప్పుడు శబ్దాన్ని మారుస్తున్నారనీ మీకే కనిపిస్తుంది. మీ కథకు ఏది తగినదో అప్పుడు నిర్ణయించుకోవచ్చు. రెండూ కలపాలని మొదటి సినిమాలోనే ప్రయత్నించకండి.

తరువాత లెక్క. ఇప్పుడు సాఫ్ట్‌వేర్ అన్నీ చేసిపెడుతుంది గానీ, లెక్క మీ తలలో ఉంటే పని సగం తగ్గుతుంది. సెకనుకు 24 ఫ్రేములైతే నిమిషానికి 1,440. నిమిషానికి 60 బీట్ల వేగం పెట్టుకుంటే ఒక్కో బీటుకు 24 ఫ్రేములు, 90 అయితే 16, 96 అయితే 15, 120 అయితే 12. బిట్ మొదలైన సరిగ్గా పది సెకన్లకు తలుపు మూసుకుంటుందనుకోండి. 96 వేగంలో పది సెకన్లంటే 16 బీట్లు, అంటే చతురశ్రంలో (ఆవర్తానికి నాలుగు బీట్ల చొప్పున) నాలుగు ఆవర్తాలు నిండుగా. తలుపు చప్పుడు తరువాతి సమం (ఆవర్తపు మొదటి బీటు) మీద పడుతుంది. వేగం 100 పెట్టుకున్నారా, ఆ చప్పుడు పదిహేడో బీటు మొదలైపోయాక, పద్దెనిమిదో బీటుకు చేరకముందే, దారి మధ్యలో పడి సంగీతమే తడబడినట్టు వినిపిస్తుంది. సంగీతం బొమ్మకు ‘అతికినట్టు’ ఉందని మనం అనుకునేదానిలో చాలా భాగం ఈ కూడికలూ భాగహారాలే. అయితే ప్రతి తలుపునూ, ప్రతి అడుగునూ ఇలా పట్టుకుంటే కార్టూన్ సినిమా అవుతుంది. రీలుకు రెండు మూడు చోట్లు ఎంచుకుని అక్కడ కచ్చితంగా పట్టుకోండి, మిగతాదాన్ని వదిలేయండి.

ఎడిటర్ పంపే ఫైలు 24 ఫ్రేములదా, 25దా అన్నది రాతపూర్వకంగా అడిగి తెలుసుకోండి. 24 లెక్కన ఎడిట్ చేసిన పది నిమిషాల భాగాన్ని ఎవరైనా పొరపాటున 25 వేగంలో నడిపితే అది 9 నిమిషాల 36 సెకన్లకే అయిపోతుంది. మీరు కట్టినదంతా జారిపోతుంది. చివరి నిమిషంలో మిక్సింగ్ గదిలో ఇది బయటపడినప్పుడు జరిగే రభస నేను చూశాను, తప్పు ఎవరిదైనా మాటపడేది మాత్రం సంగీతం వాళ్ళే.

మాటల కింద సంగీతం విషయంలో ‘రోజా’ నుంచి నేర్చుకోదగినది ఒకటుంది. మనిషి మాటలో హల్లుల స్పష్టత ఎక్కువగా రెండు నుంచి నాలుగు కిలోహెర్ట్జ్ ప్రాంతంలో ఉంటుంది. వయొలిన్ల మెరుపు, వేణువు మీది గాలి, తీగ మీటినప్పుడు వచ్చే గీత శబ్దం కూడా సరిగ్గా అక్కడే చేరతాయి. అందుకే మాటల కింద మందమైన, కదలిక తక్కువైన పొరలు పరిచి, ఇతివృత్తాన్ని మాట ఆగిన ఖాళీలోకి వదలడం మంచిది. అలా చేస్తే మిక్సింగ్ ఇంజనీరు మీ సంగీతాన్ని తగ్గించవలసిన అవసరం రాదు. మీరే చోటు వదలకపోతే ఆయన ఫేడర్ (శబ్దపు స్థాయిని మార్చే మీట) కిందికి లాగుతాడు, అప్పుడు మాటకు అడ్డొచ్చిన పొరతో పాటు మీ మంచి పంక్తి కూడా వినబడకుండా పోతుంది.

కంప్యూటరు మీదే మొత్తం చేయవచ్చా అని కూడా అడిగారు. చేయవచ్చు, కానీ ఒక్క వాద్యమైనా మనిషి చేత వాయించండి. ‘రోజా’ వచ్చిన కొత్తలో ఇదంతా కంప్యూటర్ సంగీతం, పల్లెటూరి కథ ఇస్తే తెలుస్తుంది అన్నవాళ్ళున్నారు. మరుసటి ఏడాది భారతీరాజా గారే పల్లె కథ ఇచ్చారు. ‘కిళక్కు చీమయిలే’ పాటలు విన్నాక ఆ మాట వినబడలేదు. ఆ కథే 1994లో ‘పల్నాటి పౌరుషం’గా తెలుగులో వచ్చినప్పుడు దానికీ ఆయనే సంగీతం చేశారు. యంత్రం ఉందా లేదా అన్నది అప్పుడూ ప్రశ్న కాదు, ఇప్పుడూ కాదు. ఆ యంత్రం మీద పరిచిన లయలో ఎక్కడో ఒక చోట మనిషి ఊపిరి తగలాలి. మీ బడ్జెట్‌లో పెద్ద స్ట్రింగ్స్ బృందం సాధ్యం కాకపోతే, కంప్యూటరులోని నమూనా స్ట్రింగ్స్ మీద ఒక్క నిజమైన వయొలిన్‌ను రెండు మూడు పొరలుగా వాయించి కలపండి. చెవి ఆ ఒక్కదాన్ని పట్టుకుని మిగతావాటిని కూడా నిజమని నమ్మేస్తుంది.

దర్శకుడితో మొదటిసారి కూర్చున్నప్పుడు ట్యూన్లు వినిపించకండి. ఆయన ఎడిట్ చేసిన ప్రతిని మొదటి నుంచి చివరి వరకు ఏ తాత్కాలిక సంగీతమూ లేకుండా చూపించమని అడగండి. ఇప్పటి ఎడిటర్లు ఎక్కడెక్కడి సినిమాల సంగీతమో తెచ్చి తాత్కాలికంగా అంటించి పంపుతున్నారు. నాలుగు వారాలు దానితోనే చూసిన దర్శకుడికి మీరు ఏం చేసినా అది కాదనిపిస్తుంది. చూసిన తరువాత ఏ సన్నివేశంలో సంగీతం వద్దో ముందు మాట్లాడుకుని, ఆ జాబితా ఇద్దరూ దగ్గర పెట్టుకోండి. ఇవ్వవలసినవి ఇచ్చేటప్పుడు రీలు వారీగా, బిట్ వారీగా మొదలయ్యే సమయం రాసి, లయ, మంద్రం, పొరలు, ముఖ్య వాద్యం వేర్వేరు ట్రాకులుగా ఇవ్వండి. అన్నీ కలిపి ఒకే స్టీరియో ఫైలుగా ఇస్తే, మాటకు అడ్డొచ్చిన వేణువును తగ్గించడానికి ఇంజనీరు మీ బిట్ మొత్తాన్నీ తగ్గించవలసి వస్తుంది.